ఎంటీబీ (మౌంటెన్ సైకిల్) హ్యాండిల్ గ్రిప్పులు: చేతులు తిమ్మిరెక్కకుండా రెక్కలవా, గుండ్రటివా?

శివ_మియాపూర్
అందరికీ నమస్తే. గంట తొక్కేసరికి కుడి చేతి చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కుతున్నాయి. ఆగి చెయ్యి విదిలిస్తే గానీ స్పర్శ రాదు. వారమంతా ఆఫీసుకి ఈ బండి మీదే, ఆదివారం కుదిరితే అనంతగిరి గుట్టలు. బండితో వచ్చిన గ్రిప్పులు సన్నగా, గట్టిగా ఉన్నాయి. ఎండకి జిడ్డుగా కూడా తయారయ్యాయి. అరచేతి కిందికి రెక్కలా వెడల్పుగా వచ్చే ఎర్గాన్ జీపీ1 రకం తీసుకుందామనుకుంటే, షాపులో గుండ్రటివే బెస్ట్ అంటున్నారు. ఏవి తీసుకోమంటారు?

గుట్టల_మల్లన్న
రెక్కలవి వద్దు తమ్మీ. అనంతగిరిల రాళ్ళ మీదికెళ్ళి దిగేటప్పుడు చెయ్యి ఒక్కతీరుగ ఉండదు. మోచేతులు బయటికి పోతయ్, మణికట్టు తిరుగుతది, ఒకసారి హ్యాండిల్ నూకుతవ్, ఒకసారి గుంజుతవ్. ఆ రెక్క ప్రతిసారి అరచేతికి అడ్డం పడ్తది. గుండ్రటి లాక్‌ఆన్ తీస్కో, అలెన్ కీతోని బిగించేవి. మందం 30, 31 మిల్లీమీటర్లు చాలు. లావువి తీస్కుంటే గట్టిగ పిసకవలసి వస్తది, కిందికి దిగేసరికి ముంజేతులు బిగుసుకపోతయ్.

చైన్‌లూబ్
సీటు ముక్కు కిందికి వంగి ఉందేమో ముందు చూడండి. ఒళ్ళంతా ముందుకి జారి చేతుల మీద పడుతుంది.

పద్మ_ఉప్పల్
శివగారూ, మీరు చెప్పిన రెండు వేళ్ళకీ వెళ్ళేది అల్నార్ నరం. చిటికెన వేలి వైపు, అరచేయి మొదలయ్యే చోట మణికట్టు ఎముక పక్క నుంచి వెళ్తుంది. అక్కడ దాని మీద కండ పెద్దగా ఉండదు. సన్నటి గుండ్రటి గ్రిప్పు పట్టుకుని కూర్చుంటే ఒంటి బరువు వచ్చి సరిగ్గా అక్కడే ఆనుతుంది. రెక్క ఉంటే అదే బరువు అరచేయంతా పరుచుకుంటుంది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కితే అది మీడియన్ నరం. అప్పుడు మణికట్టు వెనక్కి విరిచి పట్టుకుంటున్నారేమో చూసుకోవాలి. బండి దిగాక కూడా తిమ్మిరి పోకపోతే ఆలస్యం చెయ్యకుండా డాక్టరుకి చూపించండి. నేను ఉప్పల్ నుంచి మాదాపూర్ రోజూ వెళ్ళొస్తాను, రెక్కలవి వేయించాకే నా చేతులు కుదుటపడ్డాయి.

మందం విషయంలో మాత్రం జాగ్రత్త. లావుగా ఉంటే మెత్తగా ఉంటాయని ఒక షాపులో నాకు 34 మి.మీ.వి అంటగట్టారు. నా వేళ్ళు చుట్టూ అందలేదు, బ్రేకు లీవరు కోసం చెయ్యి చాచాల్సి వచ్చేది. మార్చమంటే ప్యాకెట్ చింపారు కదా మేడమ్ అన్నారు. చేత్తో పట్టుకుని చూడనివ్వకుండా గ్రిప్పులు అమ్మడం ఏం పద్ధతి?

గుట్టల_మల్లన్న
గదే నేన్ చెప్తున్న, లావువి వద్దని.

పద్మ_ఉప్పల్
లావు వేరు, రెక్క వేరు అన్నా. రెక్కలవాటిలోనూ చిన్న సైజు దొరుకుతుంది.

గుట్టల_మల్లన్న
31 దాటితే లావే.

వైజాగ్_పెడల్
చెయ్యి చూడకుండా 31 అని గీత గీస్తే ఎలా? గ్రిప్పు ఎక్కే చోట బార్ మందం ఎంటీబీలన్నిటికీ 22.2 మి.మీ.నే, మిగతాదంతా రబ్బరు. నావి ఈఎస్ఐ చంకీ, సిలికాన్‌వి, 32 మి.మీ. నా చేతికి హాయిగా ఉన్నాయి, రోడ్డు అదురు చాలావరకు చేతిదాకా రాదు. ఎక్కించేటప్పుడు లోపల కాస్త స్పిరిట్ పోసి తొయ్యాలి, అది ఆరగానే పట్టేస్తుంది. సబ్బునీళ్ళు పోస్తే ఆ జారుడు వదలదు. వానలో లోపలికి నీళ్ళు దిగితే ఇవీ తిరుగుతాయి, అదొక్కటే ఇబ్బంది.

గుట్టల_మల్లన్న
మందం సంగతి పక్కన పెట్టుండ్రి. మా దోస్తు ఒకడు రెక్కలవి ఏసుకొని దిగుతుంటే గ్రిప్పు గిర్రున తిరిగింది. కిందవడి మణికట్టు ఇరగ్గొట్టుకుండు. దవాఖానకు నేనే తీస్కపోయిన. కండ్లార చూసి చెప్తున్న.

పద్మ_ఉప్పల్
బోల్టు వదులైతే ఏ గ్రిప్పయినా తిరుగుతుంది. అది రెక్క తప్పెలా అవుతుంది?

గుట్టల_మల్లన్న
గుండ్రటిది జర తిరిగినా చేతికి అదే ఆకారం తగుల్తది. రెక్క తిరిగితే చెయ్యే ఊడి వస్తది. రోడ్డు మీద కూసొని తొక్కేటోళ్ళు గుట్ట దిగే గ్రిప్పుల గురించి చెప్పుడేంది? అసలు ఆఫీసుకు పోనీకి ఎంటీబీ దేనికి? రోడ్డుకు పనికొచ్చే సన్న టైర్ల హైబ్రిడ్ సైకిల్ కొనుక్కోవాలె.

పద్మ_ఉప్పల్
ఇదన్నమాట మీ కడుపులో ఉన్నది. నాకున్నది ఒక్కటే బండి అన్నా. వానాకాలంలో మా వైపు గుంతల్లో సన్న టైర్ల బండి తొక్కి చూడండి, తెలుస్తుంది. 2023లో ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కన 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్ వేశారు కదా, దాని మీదా ఎంటీబీలు కనిపిస్తూనే ఉంటాయి. నున్నటి దారిలో చెయ్యి కదిలే పనే ఉండదు, పెట్టిన చోటే పెట్టి తొక్కుతాం, తిమ్మిరి వచ్చేదీ అందుకే. గుట్ట దిగనివాళ్ళ నొప్పి నొప్పి కాదా?

గుట్టల_మల్లన్న
నొప్పి కాదని నేననలే అక్కా. నా బాధ వేరే. కొత్త పోరగాళ్ళు చేతులు నొస్తున్నయంటే గ్రిప్పు కొను, గ్లౌజు కొను అని అమ్ముడే తప్ప, తొక్కుడు నేర్పేటోడు లేడు. పెడల్ల మీద నిలవడాలె, మోచేతులు వంచాలె, వేళ్ళు వదులుగ పెట్టాలె. బరువు కాళ్ళ మీద ఉంటే ఏ గ్రిప్పయినా నడుస్తది.

పద్మ_ఉప్పల్
గుట్ట మీద మీ మాటకి తిరుగులేదు. సిటీలో గంటన్నర నిలబడి తొక్కమంటారా? కూర్చుని తొక్కితే బరువు కొంత చేతుల మీదికి రాక తప్పదు. శివగారూ, తిమ్మిరి వచ్చేది ఆఫీసు దారిలోనా, అనంతగిరిలోనా?

చైన్‌లూబ్
హ్యాండిల్ చివర ప్లగ్గులు ఊడిపోయి ఉంటే ఈరోజే పెట్టించండి. కింద పడితే ఆ గొట్టం కడుపులో దిగుతుంది.

శివ_మియాపూర్
ప్లగ్గులు ఉన్నాయి. తిమ్మిరి ఆఫీసు దారిలోనే, అనంతగిరిలో రాదు. సీటు ముక్కు కిందికే వంగి ఉంది. సమంగా పెడితే కొంచెం నయం, పూర్తిగా పోలేదు. రెక్కలవే చిన్న సైజు తెప్పిస్తున్నాను. రెక్క ఎంత పైకి తిప్పి పెట్టాలి?

పద్మ_ఉప్పల్
బోల్టు సగం బిగించి సీటు మీద కూర్చుని పట్టుకోండి. ముంజేయి, మణికట్టు, అరచెయ్యి వెనక భాగం ఒకే వరసలో ఉండాలి. ఎటు విరిగినట్టున్నా రెక్కని కొంచెం కొంచెం తిప్పి చూసుకుని, కుదిరాక పూర్తిగా బిగించండి.

గుట్టల_మల్లన్న
బ్రేకు లీవర్లు గూడ గదే లైన్ల పెట్టు తమ్మీ. అనంతగిరికి వచ్చే ముందుగాల రెక్కలు ఇప్పి గుండ్రటివి ఎయ్యి.

పద్మ_ఉప్పల్
విప్పక్కర్లేదు శివగారూ. బోల్టు బిగువు చూసుకుని వెళ్ళండి.