ట్రాలీ హబ్బులో బేరింగు కప్పు తిరుగుతోంది: గాట్లు పెట్టించాలా, బుష్ వేయించాలా?

రాజాం రైతు
నమస్కారం. మా నాన్నగారు పాత లారీ ఇరుసు కొని, ఊళ్లోని వెల్డింగు షాపులో చేయించిన ట్రాక్టరు ట్రాలీ మా వద్ద ఉంది. సంకిలి మిల్లుకు చెరకు దానిమీదే తోలుతాము. ఈ మధ్య ఎడమ చక్రం ఊగుతుంటే జాకీ ఎత్తి విప్పాను. గ్రీజు తారులా నల్లబడి, వేళ్ల మధ్య రుద్దితే గరగరలాడింది. లోపలి బేరింగు 32210 నంబరుది. దాని కప్పు (బయటి రింగు) హబ్బులో, అంటే చక్రం నడిమి గుండులో, బిగువుగా ఉండవలసింది పోయి, బొటనవేలితో నెడితేనే జారి వచ్చేసింది. కప్పు కూర్చునే చోటును వెర్నియరుతో కొలిస్తే ఒకవైపు 90.3, దానికి అడ్డంగా 90.5 మిల్లీమీటర్లు ఉంది; కప్పు బయటి కొలత 90. సెంటర్ పంచితో చుట్టూ గాట్లు పెట్టి కొత్త కప్పు దిగగొడితే చాలని మెకానిక్కు అంటున్నారు. ఇరుసు మీద కోను (బేరింగు లోపలి రింగు) కూడా చేత్తో తోస్తే ఎక్కుతోంది. అదీ అరిగినట్టేనా? ఇలాంటి హబ్బు పాత ఇనుము కొట్లలో దొరకలేదు.

బొబ్బిలి లేత్
అయ్యా, గాట్లు వద్దు. పంచి దెబ్బకు లేచిన మొనల మీదే కప్పు ఆనుతుంది. నాలుగు లోడ్లకే అవి అణగిపోతాయి.

కోను సంగతికి కంగారు పడకండి. ట్రాలీలో ఇరుసు కదలదు, హబ్బు తిరుగుతుంది. బరువు ఎప్పుడూ కోను మీద ఒకే చోట పడుతుంది గనుక అది చేత్తో ఎక్కినా ఫరవాలేదు, ఊగకపోతే చాలు. పైగా నట్టుతో బిగువు సరిచేయాలంటే కోను ఇరుసు మీద ముందుకూ వెనక్కూ కదలాలి కూడా. కప్పు అలా కాదు. తిరిగే కొద్దీ దాని చుట్టూరా ప్రతి భాగమూ ఆ బరువు కిందికి వస్తుంది కాబట్టి, ఏ కాస్త సందున్నా కప్పు పాకుతూ హబ్బును తినేస్తుంది.

హబ్బు లోపలి రంధ్రాన్ని 100 మిల్లీమీటర్లకు బోరింగు చేయించి (కోసి పెద్దది చేయించి), ఉక్కు బుష్ (గొట్టంలాంటి తొడుగు) ప్రెస్సు మీద దింపించండి. బుష్ లోపలి కొలతను దింపిన తరువాతే పూర్తి చేయాలి, ఎందుకంటే ప్రెస్సులో అది కొంత ముడుచుకుంటుంది. చివరికి 90 కన్నా 0.02 నుంచి 0.05 మిల్లీమీటరు తక్కువ రావాలి. కప్పు ఆనే మెట్టును కోయనివ్వకండి. హబ్బును లేత్ చక్కులో పట్టేటప్పుడు అరగని బయటి బేరింగు చోటుకు డయల్ (ముల్లు గేజి) పెట్టి కేంద్రం చూడాలి. పోత పైభాగాన్ని నమ్మితే చక్రం వంకర తిరుగుతుంది. బోరింగు తరువాత గోడ పలచబడేటట్టయితే ఈ పని మానుకోండి.

పాలకొండ ట్రాక్టరు
వెల్డింగుతో నింపి మళ్లీ కోయించవచ్చని ఎవరైనా చెబితే, ముందు లోహమేమిటో చూసుకోండి. పనికిరాని మూల చిన్న డ్రిల్లు పెడితే ఉక్కయితే చుట్టలుగా, పోత ఇనుమయితే పొడిగా రాలుతుంది. నాది పోత ఇనుము. తెలియక వేడి చేయకుండా వెల్డింగు పెట్టించాను, మర్నాటికి బోల్టు రంధ్రం దాకా బీట వారింది. సీసాలో అమ్మే బేరింగు జిగురు కూడా ఇక్కడ వద్దు. వెంట్రుకవాసి సందుకు సరే గాని, అర మిల్లీమీటరు దాకా సందున్న కోడిగుడ్డు ఆకారాన్ని అది గుండ్రంగా చేయలేదు.

నరసన్నపేట మెకానిక్
అరుగుదలకు కారణం కూడా చూడండి. మా వైపు వంశధార ఇసుక తోలిన ట్రాలీలన్నిటికీ ఇదే రోగం: పరుగు మీద వేడెక్కిన హబ్బును నీళ్లలోకి దింపితే లోపలి గాలి ముడుచుకుని, సీలు సందుల్లోంచి నీటిని లాక్కుంటుంది. ఆయిల్ సీలు ఆనే చోట ఇరుసు మీద గోరు తగిలే గాడి ఉంటే, కొత్త సీలు వేసినా ఆగదు. కప్పును, కోనును జతగానే మార్చండి. గ్రీజును అరచేతిలో పెట్టుకుని రోలర్ల సందుల్లోకి ఎక్కేదాకా నొక్కాలి. చక్రం తిప్పుతూ నట్టు బిగించి, తరువాత కొద్దిగా వెనక్కి వదిలి, కొత్త స్ప్లిట్ పిన్ను వేయండి. పది కిలోమీటర్లు తిరిగి వచ్చాక హబ్బు మీద అరచెయ్యి పెట్టి చూడండి. పెట్టలేనంత వేడిగా ఉంటే బిగువెక్కువైనట్టే.

రాజాం రైతు
అందరికీ కృతజ్ఞతలు. డ్రిల్లు పెడితే పొడే రాలింది, కనుక వెల్డింగు మాట విడిచిపెట్టాను. గోడ 16 మిల్లీమీటర్లుంది; బుష్‌కు అయిదు పోయినా పదకొండు మిగులుతుంది. అనుమానంతో కుడి చక్రం కూడా విప్పాను. కప్పు గట్టిగానే ఉంది గాని సీలు పెదవి చిరిగి, లోపల తడి ఇసుక కనబడింది.