సుగ్గి అంటే కోతా, వలసా?

మొన్న గ్రూపులో ఒకరు పేపరు ముక్క ఒకటి పెట్టి, "‘సుగ్గి బాట’ అని రాశారు. ఈ సుగ్గి ఏమిటండీ, కరువుకు ఇంకో పేరా?" అని అడిగారు. కింద నలుగురైదుగురు "సుగ్గి అంటే వలస" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. నాకు మనసొప్పలేదు. కర్నూలు జిల్లా పడమటి అంచున కోసిగి, కౌతాళం వైపు పల్లెల్లో పద్దెనిమిదేళ్లు పంతులుగా పనిచేశాను. ఏటా సంక్రాంతి దాటగానే ఆ మాట చెవిన పడేది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

సుగ్గి అంటే కోతకాలం. కన్నడంలో ఇప్పటికీ అంతే. సంక్రాంతిని వాళ్లు సుగ్గి హబ్బ అంటారు. పంట చేతికొచ్చిన సంబరంలో వేసే చిందు సుగ్గి కుణిత. తుళువాళ్ల లెక్కలో ఏడాది చివరి నెల పేరే సుగ్గి. మంత్రాలయం దగ్గర తుంగభద్ర దాటితే రాయచూరు జిల్లా, కాబట్టి కర్నూలు పడమటి పల్లెల్లో ఈ మాట ఉండటం వింత కాదు. వింత ఏమిటంటే, ఏటి అవతల గాదె నిండటాన్ని చెప్పే మాట, ఇవతల ఇంటికి తాళం పడటాన్ని చెబుతోంది.

ఎలా మారి ఉంటుంది? నా ఊహ ఇది. సొంత చేలో కోత అయినా, పక్కూళ్లో ఇంకొకరి చేలో కోత అయినా "సుగ్గికి పోవడమే". తర్వాత ఆ పక్కూరు దూరం జరుగుతూ పోయింది. గుంటూరు, పల్నాడు మిరపచేల దాకా జరిగినా, చేసేది కోతే కాబట్టి మాట మారలేదు.

దూరం ఎందుకు జరిగిందో అక్కడి నేలే చెబుతుంది. ఎక్కువ భూములకు వానే ఆధారం. పక్కనే తుంగభద్ర పారుతున్నా, దిగువ కాలువ ఉన్నా, ఆ నీళ్లు అందని చేలే ఎక్కువ. పత్తితీత అయిపోయాక రెండో పంటకు తడి ఉండదు, ఊళ్లో పని ఉండదు. సరిగ్గా అప్పుడే గుంటూరు వైపు మిరప పండి ఎర్రబడుతుంది. కాయ చెట్టున ఎక్కువ రోజులు నిలవదు, ఎన్ని చేతులున్నా చాలవు. పైగా చాలా చోట్ల అక్కడ కూలి కిలోల లెక్క. అదే అసలు చిక్కు. రోజుకూలి అయితే పెద్దవాళ్లే పోతారు. కిలోల లెక్క అయితే పదేళ్ల పిల్లవాడు కోసిన కాయ కూడా తూకంలోకి వస్తుంది.

నేను చూసిన ఒక తెల్లవారుజాము చెబుతాను. రచ్చకట్ట దగ్గర లారీ ఆగి ఉంది. బియ్యం మూట, జొన్నపిండి, బొంతలు, గుడిసెకు కప్పే టార్పాలిన్, ఒక కోళ్లగంప. అన్నీ ఎక్కాక వాటి మీద పిల్లలు. ఒక ఇంటాయన తలుపుకు తాళం వేసి, కుక్కలు దూరకుండా వాకిట్లో ముళ్లకంప అడ్డం పెట్టాడు. వాళ్లవ్వ మేకల దగ్గరే ఉండిపోయింది. "యాడికప్పా?" అన్నాను తెలిసే. "సుగ్గికి సార్. ఉగాదికి వచ్చేస్తాం" అన్నాడు. ఆ గొంతులో దీనత్వం లేదు. కోతకు పోయే రైతు గొంతే అది. ఆయనకు మూడెకరాలుంది.

ఆ రోజు ఐదో తరగతిలో పేర్లు పిలిస్తే సగం పేర్లకు ఎవరూ పలకలేదు. పలికిన పిల్లలే పక్కవాడి తరఫున "సుగ్గికి పోయినాడు సార్" అని చెబుతూ వచ్చారు. హాజరుపట్టీలో దానికో గడి లేదు, గైర్హాజరు అనే వేశాను. అలాంటి పిల్లలు పెద్దలు తిరిగొచ్చేదాకా ఊళ్లోనే ఉండి చదువుకోవడానికి ప్రభుత్వం సీజనల్ హాస్టళ్లు నడుపుతుంది. అవ్వ దగ్గర వదిలే వీలున్న ఇళ్లవాళ్లు పిల్లల్ని అక్కడ చేరుస్తారు. కానీ చంకలో చంటిపిల్ల ఉన్న తల్లి, ఆ పిల్లను చూసుకోవడానికి పెద్దపిల్లను వెంట తీసుకుపోక తప్పదు. బడి మానేసినవాళ్లలో నాకు గుర్తున్న పేర్లు ఎక్కువగా ఆ పెద్దపిల్లలవే.

ఇక "వలస" మాటకొస్తే, పాత వాడుకలో అది దండు వస్తుందన్న భయంతో జనం ఊరు విడిచి పారిపోవడం. తమిళంలో ఆ మాటే వలసై, ఇప్పుడు పక్షుల రాకపోకలకు ఎక్కువగా వాడుతున్నారు. మన ఉత్తరాంధ్రలో ఊళ్ల పేర్లే ఉన్నాయి: ఆమదాలవలస, కొత్తవలస. అంటే వెళ్లిపోవడమే కాదు, వచ్చి నిలవడం కూడా ఆ మాటలో ఉందన్నమాట. ఇంత పెద్ద మాటను ఇప్పుడు మనం అన్నిటికీ ఒకే మూతలా వేస్తున్నాం.

వెళ్లేవాళ్లు మాత్రం తమ ప్రయాణాన్ని వలస అనడం నేను తక్కువ విన్నాను. శ్రీకాకుళం పెద్దలు "రంగం పోయాడు" అనేవారు. రంగం అంటే రంగూన్. 1942లో జపాన్ సైన్యం వచ్చాక అక్కడి నుంచి ఎంతోమంది నడిచి వచ్చారు, మాట మాత్రం ఇళ్లలో మిగిలింది. కరీంనగర్ వైపు సౌదీకి పోయినా, కువైట్‌కి పోయినా "దుబాయి పోయిండు" అనేస్తారు. పాలమూరులో "బతకపోయిండ్రు" అంటారు. ఒకరు చోటును చెబుతారు, ఒకరు అవసరాన్ని చెబుతారు. సుగ్గి ఒక్కటే పనిని చెబుతుంది, ఎప్పుడు తిరిగొస్తారో కూడా చెబుతుంది.

(వ్యాఖ్యలు చదివాక చేరుస్తున్నది: "అందమైన మాట తొడిగితే కష్టం కనబడకుండా పోదా?" అని ఒక అమ్మ అడిగారు. మంచి ప్రశ్న, నేనూ దీని గురించి చాలా ఆలోచించాను. కష్టం దాగకూడదు. మిరప కోసిన చేతులు రాత్రంతా మండుతాయి, కొబ్బరినూనె రాసుకున్నా నిద్ర పట్టదు. అందుకే నిఘంటువులో రెండు అర్థాలూ పక్కపక్కనే ఉండాలంటాను: కోతకాలం; కోతపనికి కుటుంబంతో పరాయి ఊరికి పోయి రావడం. మొదటిది ఒక్కటే రాస్తే రెండోది కనబడదు. రెండోది ఒక్కటే రాస్తే, ఆ తాళం వేసినాయన మూడెకరాలు కనబడవు.)

ఇంకొకరు "తిరిగొచ్చాక ఏమంటారు?" అని అడిగారు. ఉగాది తర్వాత మా బడి గుమ్మంలో ఒక పిల్లవాడు నిలబడ్డాడు. ఎండకు నల్లబడ్డాడు, వేళ్ల చివర్లు పొట్టు లేచాయి. ఇన్నాళ్లూ ఏమైపోయావురా అంటే, "సుగ్గి అయిపాయ సార్" అని వచ్చి తన చోట్లో కూర్చున్నాడు.