ఎక్స్‌జెడ్ గొడవ తర్వాత కూడా ఓపెన్ సోర్స్ భద్రమేనంటారా?

సర్వర్_సుబ్బారావు:
2024 మార్చి చివర్లో బయటపడ్డ ఎక్స్‌జెడ్ యుటిల్స్ సంగతి గుర్తుందిగా? ఫైళ్లు కుదించే చిన్న టూలు, దాదాపు ప్రతి లైనక్స్ సిస్టంలోనూ ఉంటుంది. 'జియా టాన్' పేరుతో 2021 నుంచి ప్యాచ్‌లు (కోడుకి చిన్న సవరణలు) పంపి, మంచివాడనిపించుకుని, దాన్ని చూసుకునే మెయింటెయినరై, 5.6.0, 5.6.1 వెర్షన్లలో బ్యాక్‌డోర్ (దొంగదారి) పెట్టేశాడు. ముక్కూ మొహం తెలియనివాడికి తాళాలిచ్చి, 'కోడు తెరిచే ఉంది, అందరూ చూస్తారు, భయం లేదు' అంటే ఎలా?

పెంగ్విన్_బాబాయ్:
పట్టుకున్నదెలాగో కూడా చెప్పండి సుబ్బారావు గారూ. దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కి అర సెకను ఎక్కువ పడుతోందేంటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డెవలపర్ తవ్వాడు. సోర్సు చేతిలో ఉంది కాబట్టే మూలం దాకా పోగలిగాడు. 2020లో బయటపడ్డ సోలార్‌విండ్స్ హ్యాకింగ్ చూడండి, ఆ కంపెనీది మూసిపెట్టిన కోడే కదా, నెలల తరబడి ఎవరికీ తెలియలేదు.

ఊరికే_చదువుతా:
అర సెకనా! మా ఆఫీసు వీపీఎన్‌లో అయితే అది లెక్కలోకే రాదు.

లాగ్‌ఫైల్_లక్ష్మి:
బాబాయ్ గారూ, సగమే చెప్పారు. ఆ బ్యాక్‌డోర్ కోడు టెస్టు ఫైళ్ల ముసుగులో ఉంది. దాన్ని బిల్డ్‌లోకి (కోడు ప్రోగ్రాంగా మారే దశలోకి) లాగే స్క్రిప్టు ముక్క గిట్‌లో, అంటే అందరూ కోడు చూసే చోట, లేనే లేదు, విడుదల చేసిన టార్‌బాల్‌లోనే (కోడు మూటలోనే) ఉంది. గిట్‌లో ఎంత కళ్లు చించుకుని చూసినా కథ పూర్తిగా దొరకదు. డిస్ట్రోలు (లైనక్స్‌ని కూర్చి అందించేవాళ్లు) టార్‌బాల్‌ని గుడ్డిగా తీసుకోవడం మానాలి, గిట్‌తో పోల్చి చూడాలి.

ఇంకోటి. ఎక్స్‌జెడ్ అసలు మెయింటెయినర్ లాసె కాలిన్ ఏళ్ల తరబడి దీన్ని జీతం లేకుండా మోశాడు. మానసికంగా బాగుండట్లేదని, ఇది హాబీ ప్రాజెక్టని 2022లో మెయిల్లో చెప్పుకున్నాడు కూడా. అయినా ఎక్కణ్నుంచో ఊడిపడ్డ పేర్లు 'ఇంకొకరికి అప్పగించు' అని సతాయిస్తూనే ఉన్నాయి. కోట్లు గడించే కంపెనీలు అదే టూలు వాడుతూ ఒక్క మనిషినీ తోడు పంపలేదు. నన్నడిగితే తప్పు కోడు తెరిచి ఉంచడంలో లేదు, ఇక్కడుంది.

సర్వర్_సుబ్బారావు:
తోడు దొరికాడనుకునే కదమ్మా ఆయన జియా టాన్‌ని చేర్చుకున్నది!

లాగ్‌ఫైల్_లక్ష్మి:
అందుకే ఆ తోడు కంపెనీల నుంచి రావాలంటున్నా. జీతం వాళ్లది, మనిషెవరో తెలిసి ఉంటుంది. మీ దగ్గర ఆఫీసు టైములో ఇలాంటి పని చెయ్యనిస్తారా?

సర్వర్_సుబ్బారావు:
టైమ్‌షీట్‌లో దానికి ప్రాజెక్టు కోడే లేదు.

పెంగ్విన్_బాబాయ్:
మా దగ్గరా అంతే. సోమవారం మేనేజర్ని అడిగి చూస్తా, ఏమంటాడో ఇక్కడే రాస్తా.