చేర్చుక్క అంటే ‘చేర్చిన చుక్క’ అనేనా?

మా అమ్మమ్మ నగల పెట్టెలో నుదుటికి పెట్టుకునే చిన్న బంగారు బిళ్ళ ఉంది. ఎర్రరాళ్ళు పొదిగారు, కింద ఒక ముత్యం వేలాడుతుంది. ఆవిడ దాన్ని చేర్చుక్క అనేది. ‘చేర్చిన చుక్క’ అనే అర్థమా?

జవాబు: కాదండీ. చేరు అంటే తాడు, పేట. ఉట్టి చేర్లు అంటాం కదా, అదే. చేరుకు వేలాడే చుక్క చేరుచుక్క. పలకగా పలకగా చేర్చుక్క అయింది.

మరో జవాబు: సంస్కృతంలో లలాటిక అంటారు. లలాటం అంటే నుదురు. చెవి నగ కర్ణిక, నుదుటి నగ లలాటిక. రెండు మాటలకూ పాణిని చెప్పింది ఒకే సూత్రం, ఎంత బాగుందో!

అడిగినవారు: ఉట్టి చేర్లు నాకు తట్టనే లేదు! థాంక్సండీ. మా బిళ్ళకూ పైన సన్నటి గొలుసుంది. రేపు పాపకు పెట్టేటప్పుడు ఈ పేరే చెబుతాను.