అరిస్టాటిల్‌ని ఇంకా ఎందుకు చదవాలి?

డిగ్రీ సెకండియర్, హనుమకొండ:
సైన్స్ చరిత్ర సెమినార్‌లో నాకు అరిస్టాటిల్ వచ్చాడు. బరువైనది వేగంగా పడుతుందన్నాడు, ఆలోచించేది గుండె అన్నాడు. రెండూ తప్పే. సైన్స్‌ని రెండు వేల ఏళ్లు వెనక్కి లాగాడని క్లాసులో అందరూ అంటున్నారు. ఏం మాట్లాడాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

హేచరీ సూపర్‌వైజర్, హుజూరాబాద్:
తమ్ముడూ, కోడిగుడ్డుతో మొదలుపెట్టు. పొదిగిన గుడ్డులో ఏ రోజు ఏం జరుగుతుందో ఆయన క్రీ.పూ. 4వ శతాబ్దంలోనే రాశాడు. మూడు పగళ్లు, మూడు రాత్రులు గడిచాక నెత్తుటి చుక్కలా గుండె కనిపిస్తుందట, కొట్టుకుంటుందట. మా దగ్గర నాలుగో రోజు గుడ్డు పగలగొడితే అదే కనిపిస్తుంది: పచ్చసొన మీద దారాల్లాంటి ఎర్రటి నరాలు, వాటి మధ్య ఆగకుండా కదిలే చుక్క. పదో రోజుకి పిల్ల రూపం తెలుస్తుందనీ, కళ్లు పెద్దగా ఉంటాయనీ, ఇరవయ్యో రోజున పెంకు పగలగొడితే లోపల కీచుమంటుందనీ రాశాడు. లెన్స్ కూడా లేని రోజుల్లో! ముందుగా కదిలేది గుండే కాబట్టి అన్నిటికీ అదే మూలమనుకున్నాడు. తప్పే, కానీ కళ్లారా చూసినదాన్ని పట్టుకుని వెళ్లాడు. ఇంగ్లండ్ వైద్యుడు విలియం హార్వీ 1651లో జీవుల పుట్టుక మీద పుస్తకం వేసినప్పుడు కూడా ఈయన దారిలోనే గుడ్లు పరిశీలించాడు.

రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్, కాజీపేట:
బరువు సంగతి నేను చెప్తాను. సమానం కాని రెండు బరువులు దాదాపు ఒకేసారి కిందపడతాయని 6వ శతాబ్దంలోనే అలెగ్జాండ్రియాలో ఫిలోపోనస్ అనే పండితుడు అన్నాడు. గెలీలియో దాన్ని కొలిచాడు. నిట్టనిలువుగా పడేది కొలతకు దొరకదు కాబట్టి, వాలుగా పెట్టిన చెక్క గాడిలో కంచు గుండును దొర్లించాడు. అది దొర్లినంతసేపూ సన్నటి ధారగా పడిన నీళ్లను తూచి కాలం లెక్కగట్టాడు. కాలం రెట్టింపైతే దూరం నాలుగింతలు. 1638 నాటి ఆయన పుస్తకంలో ఇదంతా ఉంది.

'వెనక్కి లాగాడు' అన్న మాట మాత్రం నేను ఒప్పుకోను. తేనెటీగల పుట్టుక గురించి రాస్తూ అరిస్టాటిల్ ఏమన్నాడో చూడు: తనకింకా అన్ని వివరాలూ అందలేదట, ఎప్పటికైనా అందితే సిద్ధాంతాన్ని కాదు, కంటికి కనిపించినదాన్నే నమ్మాలట. ఆయన పేరు చెప్పి నోళ్లు మూయించినవాళ్లు ఈ వాక్యం చదివితే బాగుండేది. నీ సెమినార్‌లో మొదటి స్లైడ్ ఇదే పెట్టు బాబూ.

డిగ్రీ సెకండియర్, హనుమకొండ:
పెడతాను సార్. అన్నా, ఆ గుడ్డు చూడటానికి మీ హేచరీకి రావచ్చా?

హేచరీ సూపర్‌వైజర్, హుజూరాబాద్:
రోగాల భయంతో బయటివాళ్లని లోపలికి రానివ్వరు తమ్ముడూ. ఊళ్లో ఎవరింట్లోనైనా కోడి పొదుగుతుంటే ఏడో రోజు రాత్రి వెళ్లు. లైట్లు ఆర్పి, గుడ్డు మొద్దు వైపు సెల్‌ఫోన్ టార్చ్ ఆనించు, నరాలు కనిపిస్తాయి. చల్లారనివ్వకు, చూడగానే కోడి కింద పెట్టెయ్.