డిస్ట్రిక్టులో మంచి టీచర్లకు అవార్డు: ఓట్ల పోటీగా మారకుండా ఎలా నడపాలి?

మూడోబెంచి (ప్రశ్న)

టెక్సస్‌లో మధ్యరకం స్కూల్ డిస్ట్రిక్ట్ (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ స్కూళ్ళను నడిపే సంస్థ). 9 ఎలిమెంటరీలు, 3 మిడిల్ స్కూళ్ళు, 2 హైస్కూళ్ళు, టీచర్లు 800 పైచిలుకు. ఎడ్యుకేషన్ ఫౌండేషన్ తరఫున ఏటా టీచర్లకు అవార్డులిస్తారు. ఈసారి ఎంపిక బాధ్యత వలంటీర్ కమిటీకి అప్పజెప్పారు.

ఇప్పటిదాకా జరిగిందేమిటంటే, ఆన్‌లైన్‌లో ఒక ఫారం పెట్టడం, ఎవరికి ఎక్కువ నామినేషన్లు వస్తే వాళ్ళ చేతిలో ప్లాక్ పెట్టడం. దాంతో పీటీఏ (తల్లిదండ్రులూ టీచర్ల సంఘం) జోరుగా ఉన్న రెండు మూడు ఎలిమెంటరీలకే ఎప్పుడూ వస్తోంది. హైస్కూల్ టీచర్లు, స్పెషల్ ఎడ్ (ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చెప్పేవాళ్ళు), ఈఎస్ఎల్ (ఇంగ్లీషు మాతృభాష కాని పిల్లలకు ఇంగ్లీషు నేర్పేవాళ్ళు) జాబితాలోకే రావడం లేదు.

తెలిసినవాళ్ళు చెప్పాల్సినవి: నామినేషన్లు ఎలా తీసుకోవాలి, మార్కులు ఎలా వేయాలి, 1,000 డాలర్లు చేతికిస్తే మంచిదా, క్లాసు ఖర్చుకిస్తే మంచిదా. ఇంకొకటి, స్టార్ పరీక్ష (టెక్సస్ రాష్ట్రం పిల్లలకు పెట్టేది) స్కోర్లు కూడా కలపాలని కమిటీలో ఒకరిద్దరు గట్టిగా పట్టుబడుతున్నారు. కలపవచ్చా?

సుద్దముక్క

ముందు ఆ లెక్కపెట్టడం మానేయండి. నామినేషన్ గేటు పాస్ లాంటిది. ఒకటి వచ్చినా, నలభై వచ్చినా లోపలికి రానిస్తుంది, అంతే. ఎన్ని వచ్చాయన్నది చదివేవాళ్ళకు కనపడనే కూడదు.

రెండో తరగతి టీచర్ దగ్గర 22 మంది పిల్లలుంటారు. వాళ్ళ అమ్మానాన్నలకు ఆవిడ పేరు, కారు రంగు కూడా తెలుసు. కెమిస్ట్రీ టీచర్ దగ్గర 150 మంది. పదహారేళ్ళ పిల్లాడు ఇంటికొచ్చి టీచర్ పేరు చెప్పడమే గొప్ప. ఇక రిసోర్స్ రూమ్ (స్పెషల్ ఎడ్ పిల్లలకు విడిగా చెప్పే గది) టీచర్ దగ్గర ఉండేది ఎనిమిదిమందే అయితే, అందరూ రాసినా ఎనిమిదే. వాట్సాప్ గ్రూపులో "అందరూ ఫలానా మేడమ్‌కి వేయండి" అని ఒక మెసేజ్ తిరిగితే ఈ లెక్కలన్నీ కొట్టుకుపోతాయి.

ఫారంలో "ఈమె ఎందుకు ఉత్తమ టీచర్?" అని అడగకండి. అలా అడిగితే విశేషణాలే వస్తాయి. మూడు ప్రశ్నలు చాలు, ఒక్కోదానికి 150 మాటల పరిమితి:

ఆ టీచర్ చేసిన ఒక పని చెప్పండి, ఎప్పుడు, ఎవరికోసం.
అంతకుముందు పరిస్థితి ఏమిటి, తర్వాత ఏం మారింది.
పక్క గది టీచర్ దీన్ని చూసి ఏం నేర్చుకోవచ్చు.

ఫారం పైన ఒక నమూనా పెట్టండి, సగం పని అదే చేసిపెడుతుంది. పనికిరానిది: "పిల్లలంటే ప్రాణం పెడతారు, చాలా ఓపిక, మా అదృష్టం." పనికొచ్చేది: "1/3 కన్నా 1/4 పెద్దదని వాదించే నలుగురు పిల్లల చేత రోజూ పది నిమిషాలు ఒకే పొడవున్న కాగితం పట్టీలు మడతపెట్టించి, పక్కపక్కన పెట్టి చూపించారు. మూడు వారాల తర్వాత ఆ నలుగురూ నంబర్ లైన్ మీద భిన్నాలు సరిగ్గా గుర్తించారు." రెండోదాన్ని ఎవరు చదివినా మార్కు వేయగలరు. మొదటిదానికి చదివేవాడి మూడ్‌ని బట్టి మార్కు పడుతుంది.

ఇంకో చిక్కు, ఇది వ్యాసరచన పోటీ అయిపోవడం. ఇంగ్లీషు బాగా రాసే తల్లిదండ్రులున్న స్కూలే గెలుస్తుంది. ఫారం స్పానిష్‌లోనూ, మీ డిస్ట్రిక్టులో ఇళ్ళలో ఎక్కువగా మాట్లాడే మరో రెండు మూడు భాషల్లోనూ పెట్టండి. రాయలేనివాళ్ళు రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ పంపే వీలుండాలి. అన్నీ ఇంగ్లీషులోకి మార్చి, టైప్ చేసిన ఒకే మూసలో చదివేవాళ్ళకివ్వండి. ఏది ఏ భాషలో వచ్చిందో తెలియకూడదు.

చివరగా, ప్రతి ప్రిన్సిపల్‌కూ ఒక ప్రశ్న పంపండి: "మీ స్కూల్లో ఎవరూ నామినేట్ చేయకపోవచ్చని మీకనిపించే మంచి టీచర్ ఎవరు?" లైబ్రేరియన్లు, ఈఎస్ఎల్, స్పీచ్ థెరపీ వాళ్ళు ఈ దారిలోనే బయటికొస్తారు.

ఎర్రసిరా

సుద్దముక్క గారు చెప్పిన ఫారంతో మొదలుపెడితే మార్కుల పని సులువు. నాలుగు అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 4: బోధన, వెనకబడ్డ పిల్లల్ని అందుకోవడం, తోటి టీచర్లకు సాయం, ఇంటితో సంబంధం. మొత్తం 16.

అంకెలిచ్చి వదిలేస్తే ఒకరి 3 ఇంకొకరి 2 అవుతుంది. ఏ అంకెకు ఏమిటో రాసిపెట్టండి. 1 అంటే పొగడ్త తప్ప పని కనపడలేదు. 2 అంటే పని ఉంది, ఫలితం లేదు. 3 అంటే పనీ ఫలితమూ రెండూ ఉన్నాయి. 4 అంటే మొదట ఏది కుదరలేదు, దాన్ని ఎలా మార్చారు అన్నది కూడా ఉంది. ఈ నాలుగోది జాగ్రత్తగా చూడండి. అది గది లోపల జరిగింది చూసినవాళ్ళకే తెలుస్తుంది, పొగిడేవాళ్ళకు తట్టదు.

మనుషుల లెక్క: 60 ఫైళ్ళు వస్తాయనుకుందాం. ఒక్కో ఫైలు ఇద్దరు, విడివిడిగా, మాట్లాడుకోకుండా చదవాలి. 120 చదువులు, ఒక్కోటి 12 నిమిషాలు, మొత్తం 24 గంటలు. ఎనిమిదిమంది ఉంటే తలా మూడు గంటలు. నలుగురితో చేయిద్దామనుకుంటే ఆరు గంటలు కూర్చోవాలి. నాలుగో గంట నుంచి అందరికీ 3లే పడతాయి.

మొదలుపెట్టేముందు మూడు నమూనా ఫైళ్ళకు అందరూ మార్కులు వేసి, తేడాలు చర్చించుకోండి. అరగంట పని. దీన్ని ఎగ్గొట్టిన కమిటీల్లోనే చివర్లో గొడవలవుతాయి. ఇద్దరి మొత్తాల మధ్య 3 కంటే ఎక్కువ తేడా వస్తే మూడోవాళ్ళకు పంపండి.

ఇంకా చాలామంది పట్టించుకోనిది చదివేవాళ్ళ మార్కులు వేసే అలవాటు. ఒకరి సగటు 13, ఇంకొకరిది 9 అనుకోండి. మొదటివారు 12 వేశారంటే ఆ ఫైలు వాళ్ళకు నచ్చలేదన్నమాట. రెండోవారు అదే 12 వేశారంటే అబ్బురపడ్డారన్నమాట. ఎవరి మార్కులోంచి వాళ్ళ సగటు తీసేసి, మిగిలిన తేడాలను పోల్చండి. స్ప్రెడ్‌షీట్‌లో ఒక కాలమ్ పని. కాకపోతే ఫైళ్ళు కలగలిపి పంచాలి. ఒకరికే హైస్కూల్ ఫైళ్ళన్నీ ఇచ్చేస్తే ఈ సర్దుబాటు తప్పుదారి పట్టిస్తుంది.

స్కూలు పేరు కొట్టేయండి. టీచర్ పేరు కంటే స్కూలు పేరే ఎక్కువ పక్షపాతం తెస్తుంది. ఎవరి పిల్లలు ఏ స్కూల్లో ఉన్నారో, ఎవరి భార్యో భర్తో ఎక్కడ పనిచేస్తారో ముందే రాయించుకుని, ఆ ఫైళ్ళు వాళ్ళకు వెళ్ళకుండా చూడండి.

ఫైనలిస్టులు తేలాక, ప్రకటించేముందు, ఆ పేర్లు మాత్రమే హెచ్ఆర్‌కు పంపండి. జవాబు "అభ్యంతరం లేదు" లేదా "ఉంది", అంతే. కారణం అడగకండి, వాళ్ళు చెప్పినా వినకండి. మరో మాట: డిస్ట్రిక్ట్ ఈమెయిల్‌లో రాసుకున్న మార్కుల వ్యాఖ్యలను టెక్సస్ పబ్లిక్ ఇన్ఫర్మేషన్ యాక్ట్ కింద ఎవరైనా అడగవచ్చు. "ఈవిడ బోర్" లాంటివి రాయకండి.

మూడోబెంచి

చాలా ఉపయోగం అండీ ఇద్దరికీ. తేదీలు ఎలా వేసుకోవాలి? ప్రిన్సిపల్స్ కమిటీలో ఉండొచ్చా?

ఎర్రసిరా

ఉండొచ్చు, తమ స్కూలు ఫైళ్ళు ముట్టుకోకూడదు. నామినేషన్‌లో చెప్పిన పని నిజంగా జరిగిందో లేదో నిర్ధారించే ఒక్క వాక్యం మాత్రం ఆ స్కూల్ ప్రిన్సిపల్ దగ్గరే తీసుకోవాలి.

తేదీలు మే నుంచి వెనక్కి లెక్కేయండి. టీచర్ అప్రిసియేషన్ వీక్ మే నెల మొదటి పూర్తి వారం. స్టార్ పరీక్షలు ఏప్రిల్‌లో మొదలవుతాయి, అప్పుడు క్లాసులోకి ఎవరూ రానివ్వరు. అంచేత అక్టోబరు రెండో వారం నుంచి నాలుగు వారాలు నామినేషన్లు, జనవరిలో చదవడం, ఫిబ్రవరిలో ఫైనలిస్టుల క్లాసుకు ఇద్దరు వెళ్ళి 20 నిమిషాలు చూడటం, మార్చిలో హెచ్ఆర్. ఆగస్టులో నామినేషన్లు తెరిస్తే పోయిన ఏడాది టీచర్ల మీద జ్ఞాపకాలే వస్తాయి.

మీ విజేతను రాష్ట్ర టీచర్ ఆఫ్ ది ఇయర్‌కు కూడా పంపాలనుకుంటే, అది వేరే నిచ్చెన. టెక్సస్‌లో 20 ఎడ్యుకేషన్ సర్వీస్ సెంటర్లున్నాయి (ఒక్కో రీజియన్‌లోని డిస్ట్రిక్టులకు తోడ్పడే కేంద్రాలు). ఒక్కో రీజియన్ నుంచి ఎలిమెంటరీకి ఒకరు, సెకండరీకి ఒకరు, మొత్తం 40 మంది. వాళ్ళలోంచి ఆరుగురు ఫైనలిస్టులు. ఆ పైన 1952 నుంచి నడుస్తున్న నేషనల్ టీచర్ ఆఫ్ ది ఇయర్. మీ రీజియన్ సెంటర్‌ను తేదీ అడిగి, దానికి తగ్గట్టు మీ కేలెండర్ సర్దుకోండి. ఆ దరఖాస్తులో టీచర్ స్వయంగా వ్యాసాలు రాయాలి. ఆ పని నెత్తిన పడుతుందని ముందే చెప్పి ఒప్పించండి.

లెక్కలపద్దు

డబ్బు సంగతి. "గిఫ్ట్" అని పేరు పెట్టినంత మాత్రాన గిఫ్ట్ అయిపోదు. యజమాని ఉద్యోగికి ఇచ్చింది జీతం కిందే లెక్క. గిఫ్ట్ కార్డు 25 డాలర్లదైనా సరే, ఐఆర్ఎస్ (ఫెడరల్ పన్నుల శాఖ) దృష్టిలో అది నగదుతో సమానం, చిన్న మొత్తం అన్న మినహాయింపు దానికి వర్తించదు.

1,000 డాలర్లు పేరోల్ ద్వారా వెళితే ఏమవుతుందో చూడండి. ఫెడరల్ విత్‌హోల్డింగ్ (ముందే కోసుకునే పన్ను) 22 శాతం ఫ్లాట్ రేటుతో 220, మెడికేర్ 14.50. సోషల్ సెక్యూరిటీలో ఉన్న డిస్ట్రిక్ట్ అయితే ఇంకో 62. చేతికొచ్చేది 703.50. వేదిక మీద వెయ్యి అని రాసిన పెద్ద అట్టచెక్కు పట్టుకున్న మనిషికి ఇది బాగుండదు. చేతికి సరిగ్గా వెయ్యి రావాలంటే 1,421.46 బడ్జెట్ పెట్టుకోవాలి (1,000ని 0.7035తో భాగిస్తే వస్తుంది). సోషల్ సెక్యూరిటీ లేని చోట 1,307 దాకా చాలు. యజమాని వాటా పన్ను వేరే.

ఫౌండేషన్ వేరే సంస్థగా నేరుగా చెక్కు రాస్తే అది టీచర్‌కు అదర్ ఇన్‌కమ్ అవుతుందా, జీతమా అన్నది ఏర్పాటును బట్టి ఉంటుంది. డిస్ట్రిక్ట్ పేరోల్ వాళ్ళతోనూ, మీ అకౌంటెంట్ (సీపీఏ)తోనూ ముందే తేల్చుకోండి. 1099-మిస్క్ (జీతం కాని చెల్లింపులను చూపే పన్ను ఫారం) ఇవ్వాల్సిన హద్దు 600 నుంచి 2,000 డాలర్లకు పెరిగింది, 2026 నుంచి చేసే చెల్లింపులకు. ఫారం రానంత మాత్రాన పన్ను లేదని కాదు. టీచర్‌కు ఆ మాట చీటీ మీద రాసివ్వండి.

సుళువైన దారి: నగదు చిన్నది పెట్టి, పెద్ద మొత్తం క్లాస్‌రూమ్ గ్రాంటుగా స్కూలుకే పంపండి. మొదటి నుంచీ స్కూలు సొమ్ము కాబట్టి టీచర్ ఆదాయంలోకి రాదు. కొన్న వస్తువులు మాత్రం స్కూలువి. టీచర్ బదిలీ అయితే వాటిని వెంట తీసుకెళ్ళవచ్చా లేదా అన్నది గ్రాంటు లేఖలోనే రాయకపోతే తర్వాత తలనొప్పి. ఫెడరల్ పన్ను చట్టంలోని సెక్షన్ 74(బి) కింద అవార్డును టీచర్ నేరుగా ఛారిటీకి మళ్ళించి పన్ను తప్పించుకునే వీలుంది గానీ, ఎంపిక కోసం తను ఏ దరఖాస్తూ చేసి ఉండకూడదు. ఫారంలో టీచర్ చేత వ్యాసం రాయిస్తే ఆ దారి మూసుకుపోయినట్టే.

అక్షరమాల

స్కోర్ల గురించి పట్టుబడుతున్నవాళ్ళకు అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ 2014 ప్రకటన చూపించండి. పరీక్ష స్కోర్లలో తేడాలకు టీచర్లు కారణమయ్యేది సుమారు 1 నుంచి 14 శాతమే అంటుంది. పైగా కిండర్‌గార్టెన్, ఆర్ట్, బ్యాండ్ టీచర్లకు స్టార్ ఎక్కడుంది? స్కోర్లు కలిపితే వాళ్ళంతా ముందే బయటికి పోతారు. స్కోర్లూ, టీచర్ పనితీరు మదింపూ డబ్బుతో ముడిపడే వేరే పథకం టెక్సస్‌లో ఉండనే ఉంది, 2019లో వచ్చిన టీచర్ ఇన్సెంటివ్ అలాట్‌మెంట్. మొదట్లో ఒక్కో టీచర్ పేరిట ఏటా 3,000 నుంచి 32,000 డాలర్లు డిస్ట్రిక్టుకు వచ్చేది. అందులో కనీసం 90 శాతం ఆ క్యాంపస్ టీచర్ల జీతభత్యాలకే వెళ్ళాలి. మీ ప్లాక్ దానికి నకలు కానక్కర్లేదు.

గెలవనివాళ్ళ సంగతి ఎవరూ అడగలేదేం? నామినేట్ అయిన ప్రతి టీచర్‌కూ వాళ్ళ మీద రాసిన మాటలు కాగితం మీద అచ్చువేసి ఇవ్వండి. ఖర్చు కాగితం, కవరు. రాసినవాళ్ళ అనుమతి ఫారంలోనే టిక్ పెట్టించుకోండి, పిల్లల పేర్లూ ఐఈపీ (స్పెషల్ ఎడ్ పిల్లలకు రాసే వ్యక్తిగత ప్రణాళిక) వివరాలూ తీసేయండి. సభలో పిల్లల ఫొటోలు వాడేముందు స్కూల్లో మీడియా అనుమతి లేని పిల్లల జాబితా చూసుకోవాలి.

మూడోబెంచి

స్కోర్ల వాదన ఇక ముగిసినట్టే. ఒక్క చివరి మాట: విజేత క్లాసుకు చెప్పకుండా బెలూన్లతో వెళ్ళాలని అనుకుంటున్నారు. ఏమైనా జాగ్రత్తలున్నాయా?

సుద్దముక్క

రబ్బరు బెలూన్లు వద్దు. లేటెక్స్ అలర్జీ వల్ల చాలా స్కూళ్ళు రానివ్వవు, మెరిసే మైలార్‌వి తీసుకెళ్ళండి. ఆ రోజు టీచర్ సెలవులో లేరని ఫ్రంట్ ఆఫీసులో ముందురోజే కనుక్కోండి. స్పెషల్ ఎడ్ గది అయితే చప్పట్లు, కేకలు పిల్లల్ని బెదరగొడతాయి. టీచర్‌ను కారిడార్‌లోకి పిలవండి. ప్లాక్ మీద పేరు హెచ్ఆర్ రికార్డు చూసి చెక్కించకండి, పెళ్ళికి ముందు ఇంటిపేరు దిగబడుతుంది. సెక్రెటరీని అడిగితే గది తలుపు మీద ఏ పేరు ఉందో చెబుతుంది.