తపస్సు కాలంలో సాయంత్రం ఆరున్నర గండం దాటేదెలా?

ఉండేది కాజీపేట. విభూది బుధవారం నుంచి ఈస్టర్ దాకా సాగే మా క్రైస్తవుల 40 రోజుల తపస్సు కాలంలో మిర్చి బజ్జీలు, సకినాలు, బీరు మూడూ బంద్ అనుకున్నా, ఇవాళ 14వ రోజు. బీరు వారానికి రెండుసార్లే కాబట్టి మానడం కష్టం కాలేదు (కల్లు సీజన్ అని దోస్తులు పిలిచినా పోలేదు). కానీ డ్యూటీ దిగి సాయంత్రం ఆరున్నరకు బజ్జీల బండి దగ్గరికి వచ్చేసరికి నోరూరి, తలనొప్పి మొదలై, ఎనిమిదింటి దాకా ఇంట్లో అందరి మీదా చిరాకు. దారి మార్చి చూశా, జేబులో పుట్నాలు పెట్టుకున్నా, మజ్జిగ తాగా, లాభం లేదు. మొన్న గురువారం నాలుగు సకినాలు లాగించేశా. ఆదివారాలు ఆ 40 రోజుల లెక్కలోకి రావని తింటే సోమవారం ఇంకా ఘోరంగా ఉంది. ఇలా మానినవాళ్లు ఆ గంటన్నర ఏం తిని, ఏం చేసి గట్టెక్కారు?